మామగారి దగ్గు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు చెవులున్నాయి.

మొగుళ్లు ఏం చెప్పినా వినిపించుకోరని ఆడవాళ్లు బాధపడుతుంటే నాకు కొంచెం అసూయగా ఉంటుంది. మా ఆయనకు అన్నీ వినిపిస్తాయి. వంటింట్లో గరిటె కింద పడితే వరండాలో పేపరు చదువుతూనే, "పల్చని గేజిది. మన అంగడిది కాదు, మీ పుట్టింటిది" అంటారు. కుక్కరు కూత కాస్త సన్నగా వస్తే వాషరు అరిగిందంటారు. పక్కింటి బోరు మోటారు ఎన్నాళ్లకు కాలిపోతుందో దాని మూలుగు విని ముందే చెప్పేస్తారు. ఇన్ని వినే మనిషికి నేను పక్కన కూర్చుని చెప్పే మాట మాత్రం గాలిలా పోతుంది. చెవుల తప్పు కాదనుకుంటాను. నా గొంతులో స్టీలు తక్కువ.

ఆయన పేరు జయరామయ్య. అనంతపురం పాతూరులో స్టీలు సామాన్ల అంగడి. సరుకు కొనేటప్పుడు ఆయన చీటీ చూడరు, మెరుపు చూడరు. బిందెను ఒక చేత్తో వేలాడదీసి, వేలి కణుపుతో టంగుమని కొట్టి, కళ్లు మూసుకుని వింటారు. మోత సన్నగా సాగి సాగి పోతే మంచి సరుకు. టక్కుమని ఆగిపోతే ఎక్కడో చీలిక ఉన్నట్టు. "మంచిదయితే గంట మాదిరి మోగల్ల" అనేది ఆయన సిద్ధాంతం. అంగడిలో ఈ సిద్ధాంతం ఎప్పుడూ తప్పలేదు. తంటా అంతా దాన్ని ఇంటికి తెచ్చినప్పుడే వచ్చింది.

సంవత్సరం రెండువేలు రాగానే కంప్యూటర్లు ఆగిపోయి లోకం తలకిందులవుతుందని పేపర్లు రాశాయి. లోకానికి ఏమీ కాలేదు. మా పాత మట్టిమిద్దె మాత్రం నేలమట్టమైంది. మా ఆయనే కొట్టించి, ఆ స్థలంలో కొత్త ఇల్లు లేపారు. ఆ ఇంటికంతా గర్వకారణం ముందు హాలు. మధ్యలో స్తంభం లేదు. కప్పు ఎంత ఎత్తంటే, బూజు దులపడానికి మనిషిని పిలిస్తే పైకి చూసి కూలి రెట్టింపు అడుగుతాడు. కింద తాడిపత్రి నల్లబండ, అందులో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత నునుపు. గోడలు గుడ్డు పెంకులా ఉంటాయి. ఒక పక్కంతా అద్దాల బీరువా, దాన్నిండా అంగడి నుంచి ఏరి తెచ్చిన సామాను. ఆ హాలులో మెత్తటి వస్తువు ఏదైనా ఉందంటే అది మా అత్తగారి మనసే. అదీ అన్ని రోజులూ కాదు.

గృహప్రవేశం రోజు మా ఆయన హాలు నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టారు. ఆ చప్పుడు ఈ గోడ నుంచి ఆ గోడకు పోయి, పైకెక్కి, చుట్టాలందరినీ పలకరించి, తీరిగ్గా తిరిగొచ్చింది.

"ఇన్నావా సరళా? గంట మాదిరి మోగుతాండాది!" అన్నారు, మొహం వెలిగిపోతూ.

బిందెను కొట్టి చూసినట్టే హాలునూ కొట్టి చూశారన్నమాట. మోగింది. కాబట్టి మంచి హాలు.

నేను డిగ్రీలో ఫిజిక్సు చదివాను. ఆ చదువు తర్వాత ఎందుకూ పనికి రాలేదు గనుక ఎప్పుడైనా ఒకసారి బయటికి తీసి దుమ్ము దులుపుతుంటాను. "మోగే గదిలో మాట నిలబడదండీ. ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమయిపోతాది. గోడలకు మందం పరదాలు వేపిద్దాం. కింద ఒక జంబుకానా పరిస్తే..." అన్నాను.

"గుడ్డలు కట్టేకి ఇదేమన్నా డేరానా? నీ ఫిజిక్సు పుస్తకంలోనే ఉండనీ. నా చెవులు ఇన్నేండ్లు స్టీలులో నానినవి."

నేను ఊరుకున్నాను. ఒక మాట రెండుసార్లు చెబితే దాన్ని సణుగుడంటారు. ఒక్కసారే చెప్పి ఊరుకుంటే ఏమంటారో చూద్దామని నాకూ ఒక సరదా ఉండేది.

కొత్త ఇంట్లో మొదటి గొడవ నాకూ ఆయనకూ రాలేదు. మా అత్తగారు లలితమ్మగారికీ ఆయనకూ వచ్చింది, విత్తనం కాయల మీద.

గార్లదిన్నె దగ్గర మాకొక చేను ఉంది. ఓబన్న అనే అతను కోరుకు, అంటే పంటలో వాటాకు, చేస్తాడు. వేరుశనగ తప్ప ఇంకోటి పండని నేల, అదీ వాన దయ తలిస్తే. ప్రతి ఏడూ పండిన కాయల్లో గట్టివి ఏరి, గోనె మూటలకెత్తి, మళ్లీ పదును వాన పడేదాకా మా ఇంట్లోనే పెట్టడం మా అత్తగారి పద్ధతి. మనుషులు పండుకునే కప్పు కిందే విత్తనమూ పండుకోవాలంటారు. పాతింట్లో పడసాల ఉండేది, మూటలు అక్కడ ఉండేవి. కొత్తింట్లో పడసాల ఉన్న చోటే హాలు లేచింది. కాబట్టి ఆమె లెక్కలో మూటల చోటు మారలేదు. గోడలే మారాయి.

ఆ ఏడు ఓబన్న ట్రాక్టరు తెచ్చి మూటలు దింపుతుంటే మా ఆయన అంగడి నుంచి పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా, ఇది హాలా, గోడౌనా?"

"ఇల్లప్పా. విత్తనం ఇంట్లో కాకపోతే యాడ పెడతారు?"

"అంగడి వెనక రేకుల షెడ్డు ఉండాది గదా! ఆడికి తోలిస్తా."

"ఆ రేకుల కింద నువ్వు ఒక ఎండాకాలం పండుకో నాయనా. నీకు మొలకొస్తే, అప్పుడు నా విత్తనం గూడా ఆడనే పెడదాము."

ఓబన్న నవ్వు ఆపుకోలేక మూట వెనక మొహం దాచుకున్నాడు. మా ఆయన తాడిపత్రి బండ మీద గోనె దుమ్ము చూసి, నోరు తెరిచి, మూసుకుని, వెళ్లిపోయారు. అద్దాల బీరువా ఉన్న పక్క తప్ప మిగతా మూడు గోడల వెంబడీ మూటలు మనిషెత్తున లేచాయి. మధ్యలో సోఫా, కోటలో సింహాసనంలాగా.

విత్తే వాన వేళకు రాలేదు. మృగశిర పోయింది, ఆరుద్ర వచ్చింది, మూటలు మాత్రం కదల్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్పీకర్ల ముచ్చట మొదలైంది. బెంగళూరులో స్టీలు సరఫరా చేసే ఒక సేటు ఇంట్లో మా ఆయన ఎప్పుడో ఒక పాట విన్నారు. పాడే మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టుందట, పెదవులు తడుపుకున్న చప్పుడు కూడా వినిపించిందట. అప్పటి నుంచీ అలాంటి స్పీకర్లు కొనాలని ఒకటే కల. ఎంత ఖరీదో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు, చెప్పని దానికి బాధపడాల్సిన పని లేదు కదా.

కలకు అసలు కారణం ఒక క్యాసెట్టు. మా పెళ్లిలో తలంబ్రాలప్పుడు మా అత్తగారు ఒక పాట పాడారు. అప్పట్లో ఆమె గొంతు కోసమే పెళ్లిళ్లకు పిలిచేవాళ్లట. ఆయన స్నేహితుడెవరో దాన్ని రికార్డు చేశాడు. ఆ తర్వాత ఆమెకు గొంతు ఆపరేషన్ అయ్యి, పాట పోయి మాట మిగిలింది. ఉన్న టేపురికార్డర్లో ఆ క్యాసెట్టు పెడితే పాటకంటే గరగర ఎక్కువ. ఆమె ఒక నిమిషం విని, "ఎవరో పాపం, జలుబు చేసినట్లుండాది" అని లేచి వెళ్లేవారు.

"అమ్మ గొంతు అమ్మకు వినిపించల్ల. ఒక్కసారన్నా" అనేవారు మా ఆయన. ఆ మాట అన్నప్పుడు మాత్రం నేను ఎగతాళి చేయలేదు.

బెంగళూరు దుకాణం వాళ్లు, గది చూడకుండా అంత పెద్దవి అమ్మలేమన్నారట. అందుకని వాళ్ల మనిషి భరత్‌కుమార్ అనే కుర్రాడు వ్యానులో రెండు జతలు వేసుకుని, సోమందేపల్లె మీదుగా ఒక ఉదయం మా ఇంటికొచ్చాడు. ఇంగ్లీషు, కన్నడం, తెలుగు మూడూ కలిపి మాట్లాడేవాడు.

మా ఆయనకు మూటల సంగతి గొప్ప సిగ్గయిపోయింది. ముందు రోజే మూటల కోటకంతా తెల్ల దుప్పట్లు కప్పించారు. చూస్తే హాలులో ఏవో పెద్ద పెద్ద ఏనుగులు ముసుగుతన్ని పడుకున్నట్టుంది.

భరత్‌కుమార్ హాలులోకి వచ్చి ముందు కప్పు కేసి చూసి పెదవి విరిచాడు. ఆ తర్వాత చప్పట కొట్టాడు. అది ఎక్కడికీ వెళ్లలేదు. అతని చేతుల్లోనే పుట్టి అక్కడే పోయింది. ఇంకోసారి కొట్టి, కనుబొమలెత్తాడు.

"సార్, రూము చాలా చెన్నాగుంది! ఇంత ఎత్తు, ఇంత బండ చూసి భయపడినాను. కానీ చప్పుడు ఎంత అణిగి ఉంది సార్!"

"నేనే నిలబడి కట్టించినా" అన్నారు మా ఆయన, మీసం మీద చెయ్యేసి. ఆ చప్పట మోగని సంగతి ఆయన చెవికి తగిలింది. నుదురు ముడిపడడం నేను చూశాను. కానీ పొగడ్త చెవిలో పడితే ఇంకో చప్పుడుకు చోటుండదు.

"ఈ సామాను సార్?" అన్నాడు భరత్‌కుమార్, దుప్పట్లు చూపించి.

"అదంతా పోతాదిలే. వాన పడితే ఒక్కటి గూడా ఉండదు."

వానకూ సామానుకూ సంబంధమేమిటో పాపం బెంగళూరు పిల్లవాడికి అర్థం కాలేదు. మర్యాదకు నవ్వాడు. వంటింటి గుమ్మంలో నిలబడి నేనూ నవ్వాను. నాది మర్యాద నవ్వు కాదు.

మొదటి జత చిన్నవి, స్టాండ్ల మీద నిలబెట్టేవి. రెండో జత మనిషి భుజం దాకా వచ్చే చెక్క పెట్టెలు. చిన్నవి బాగానే పలికాయి, మర్యాదస్తుల్లాగా. పెద్దవి పెట్టగానే హాలు మారిపోయింది. మృదంగం ఎక్కడుందో, వయొలిన్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు.

"సార్, ఒక మాట. ఈ పెద్దవి ఇలాంటి అణిగిన రూములోనే బాగుంటాయి. ఖాళీ రూముకు చిన్నవే మేలు" అన్నాడు భరత్‌కుమార్.

"రూము ఇదే కదప్పా. యాడికి పోతాది?" అన్నారు మా ఆయన. "ఇప్పుడు నా క్యాసెట్టు పెట్టు."

అత్తగారు వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నారు. తలంబ్రాల పాట మొదలైంది. నాలుగు ముక్కలు సాగేసరికి ఆమె చేతుల్లో చింతపండుతోనే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఎవరే అది?" అన్నారు నాతో. మళ్లీ ఆమే, "నేను!" అన్నారు.

హాలంతా ఆమె గొంతే. వెనక గాజుల చప్పుడు, ఎవరో పసిబిడ్డ ఏడుపు, బియ్యం రాలిన సవ్వడి కూడా. ఆమె చెవి రిక్కించి, "చూసినావా, ఆ చివర ఊపిరి దొంగిలించినా. ఎవరికీ తెలీలేదనుకుంటి" అన్నారు. అంతలో పాట వెనక, కాస్త దూరంగా, ఎవరో గొంతు సవరించుకున్నట్టు "ఊహూఁ... ఊహూఁ" మని చిన్న దగ్గు.

ఆమె చేతిలో చింతపండు కింద పడింది.

"అది మీ నాయన" అన్నారు కొడుకుతో.

మా మామగారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఫొటోలే ఉన్నాయి, అవి మాట్లాడవు.

"నేను పాడినప్పుడల్లా అట్లే దగ్గుతాండె" అన్నారు అత్తగారు. "నా పాట చెడగొట్టేకే దగ్గుతాండాడని ఇన్నేండ్లు తిట్టుకుంటి. ఇప్పుడు తెలుస్తాండాది, అది ఉత్త దగ్గు కాదు. కండ్లల్లో నీళ్లొస్తే మగోళ్లు దగ్గే దగ్గు."

మా ఆయన కిటికీ వైపు తిరిగి గట్టిగా దగ్గారు. ఆ దగ్గు వంశపారంపర్యమని అప్పుడు నాకు తెలిసింది.

పెద్ద జత ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి సాయంత్రం దీపం పెట్టాక అత్తగారు సోఫాలో కూర్చుని, "అప్పా, మీ నాయన్ని పెట్టు" అనేవారు. ఆయన పెట్టేవారు. ఆమె పాటంతా ఊరికే విని, దగ్గు దగ్గర మాత్రం ముందుకు వంగేవారు. అయిపోగానే, "ఇప్పటికి చాలు, పండుకోనీ" అని లేచేవారు.

మా ఇంటి విత్తనం మూటల మీద కప్పిన దుప్పట్లను అప్పుడప్పుడూ నేనే సర్ది పెడుతుండేదాన్ని. ఎవరైనా అడిగితే దుమ్ము పడకుండా అని చెప్పేదాన్ని.

పునర్వసులో వాన వచ్చింది. మామూలుగా కాదు, చేను మొత్తం తాగి తడిసేంత పదును. ఊరు ఊరంతా వీధిలోకొచ్చి నిలబడింది. తెల్లారగానే ఓబన్న ట్రాక్టరుతో వాకిట్లో ఉన్నాడు, వానకు తల మీద గోనె సంచిని కొప్పెరలా ముసుగేసుకుని.

"ఏమ్మా లలితమ్మా, పదునైంది! ఇయ్యాలే ఒలిపించల్ల, రేపే గొర్రు కట్టి విత్తల్ల."

"తీసుకుపో నాయనా, తీసుకుపో" అన్నారు అత్తగారు ప్రతి మూటకూ ఒక దండం పెట్టి.

మా ఆయన ఆ రోజు అంగడికి పోలేదు. దుప్పట్లు తనే లాగి, మూటలు తనే కొన్ని తోసి, బండలు తనే కడిగించారు. హాలు మళ్లీ మెరిసింది. నడుమ నిలబడి చప్పట కొట్టారు. గృహప్రవేశం నాడు వెళ్లిన చుట్టమే తిరిగొచ్చినట్టు ఆ చప్పుడు నాలుగు గోడలూ తిరిగి వచ్చింది.

"వచ్చింది సూడు, నా హాలు నాకు వచ్చింది" అన్నారు.

సాయంత్రం దీపం పెట్టాక అత్తగారు వచ్చి కూర్చున్నారు. పాట మొదలైంది. మొదటి ముక్క పూర్తి కాకముందే దాని మీద రెండోది పడింది, రెండోదాని మీద మొదటిది తిరిగొచ్చి పడింది. ఆమె గొంతు గుండిగలో తల పెట్టి పాడినట్టుంది. గాజులు బీరువాలో ఉన్న స్టీలు గ్లాసులతో కలిసి తాళం వేశాయి. అత్తగారు దగ్గు కోసం ముందుకు వంగారు. వంగే ఉన్నారు. పాట అయిపోయింది.

"యాడ పోయినాడప్పా మీ నాయన?"

మా ఆయన క్యాసెట్టు బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"రేపు పెడతా అమ్మా. కరెంటు ఓల్టేజీ సరిగా లేదు" అన్నారు.

మర్నాడు స్టెబిలైజరు వచ్చింది. దగ్గు రాలేదు. ఆ మర్నాడు వైర్లు మార్చారు. స్పీకర్లను మూల నుంచి జరిపారు, గోడకు ఆనించారు, మళ్లీ లాగారు. ఒకసారి వాటిని తిరగేసి పెట్టి వెనక నుంచి విన్నారు. అవేమో మూతి ముడుచుకున్నట్టున్నాయి. పిల్లులేమైనా లోపల దూరాయా అని నన్ను అడిగారు. దూరితే అరిచేవి కదా అన్నాను.

"వాన చెమ్మకు చెక్క ఉబ్బినట్లుండాది" అన్నారు చివరికి.

అనంతపురం జిల్లాలో వాన పడినందుకు బాధపడిన మనిషి ఆ ఏడు ఒక్కరే ఉండి ఉంటారు. ఆ ఒక్కరూ మా ఇంట్లోనే ఉన్నారు. బయట అనడానికి ధైర్యం లేక, మొలకలు బాగా వచ్చాయని ఓబన్న చెప్పినప్పుడు, "ఆఁ, మంచిదే" అని నీరసంగా అనేవారు.

నాకు మొదటి సాయంత్రమే తెలుసు. కుక్కరు కూత మూటలున్నప్పుడు ఒకసారే వినిపించేది, ఇప్పుడు రెండు కుక్కర్లున్నట్టు వినిపిస్తోంది. కాయలు నిండిన గోనె మూట చప్పుడును తాగేస్తుంది, అంతకంటే మంచి పరదా బెంగళూరులో కూడా దొరకదు. కానీ నేను ఈ సంగతి ఒకసారి చెప్పాను, గృహప్రవేశం రోజు. రెండోసారి చెబితే సణుగుడవుతుంది.

అత్తగారు మాత్రం సాయంత్రం హాలులోకి రావడం మానేశారు. "బావిలో కూసున్నట్లుండాదమ్మా. మీ మామ గూడా ఈడ ఉండల్యాక పోయినట్లుండాడు" అని వాకిట్లోనే కూర్చునేవారు. అది విన్నాక నా సరదా కాస్త తగ్గింది.

మా ఆయన బెంగళూరుకు ఫోను చేశారు. ఆ గట్టిమాటలకు హాలు కూడా వంత పాడడం వల్ల అవతలి వాళ్లకు నలుగురు కలిసి తిట్టినట్టు వినిపించి ఉంటుంది. "ఆ పొద్దు వినిపించింది ఒకటి, ఇచ్చి పోయింది ఒకటి! జత మార్చినారు! నా చెవులు తప్పు చెప్పవు. వచ్చి తీసుకొనిపోండి!" భరత్‌కుమార్ సోమవారం వచ్చి చూస్తానన్నాడట, మాట నిజమైతే వెనక్కి తీసుకుపోతానన్నాడట. మా ఆయన ఆ సాయంత్రమే అట్టపెట్టెలు దించి సిద్ధం చేశారు. క్యాసెట్టును మాత్రం దేవుని గూట్లో పెట్టారు.

ఆదివారం మళ్లీ ముసురు పట్టింది. బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదు. అనంతపురంలో ఏ ఇంట్లోనూ లోపల దండెం ఉండదు, ఇక్కడ ఎండే దండెం. నేను హాలులో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు కట్టించాను. చీరలు, దుప్పట్లు వేలాడదీశాను. ముసురుకు మెత్తబడ్డ పరుపులన్నీ మోయించి గోడలకు ఆనించాను. అటక మీద నుంచి బొంతలు దిగాయి. గొర్రెలు కాసే కురుబోళ్ల దగ్గర కొన్న పాత నల్ల కంబళ్లు కూడా దిగాయి. వాటిని బండ మీద పరిచాను. మా అత్తగారు చూసి, "ఏందమ్మే ఇది, ఇల్లు ఖాళీ చేస్తాండామా?" అన్నారు.

"ముసురు కదా అత్తా, ఆరాలి."

ఆమె నా మొహం కేసి కాసేపు చూసి, ఇంకేమీ అడక్కుండా తన బొంత కూడా తెచ్చి ఇచ్చారు.

సోమవారం భరత్‌కుమార్ వచ్చేసరికి మా ఆయన అంగడి నుంచి అతనితో పాటే లోపలికొచ్చారు. గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏందే ఇది? పరాయి మనిషి వచ్చేటప్పుడు... ఇది ఇల్లా, డేరానా?"

"బట్టలు తడిగా ఉండాయండీ" అన్నాను, ఎంత అమాయకంగా అనగలనో అంత అమాయకంగా.

భరత్‌కుమార్ చీరల మధ్య నుంచి వంగి వంగి లోపలికి పోయి, స్పీకర్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వెనక నంబరు చూశాడు. "అవే సార్. నేనిచ్చిన జతే" అన్నాడు.

"నంబరు ఎవరన్నా అంటిస్తారు. పాట పెట్టి సూడు. ఆ దగ్గు వినిపిస్తే నేను నోరు మూసుకుంటా."

దేవుని గూట్లో నుంచి క్యాసెట్టు వచ్చింది. తలంబ్రాల పాట మొదలైంది.

చీరలు కదల్లేదు. పాట కదిలింది. ఒక ముక్క తర్వాత ఒక ముక్క, ఏదీ దేని మీదా పడకుండా. గాజులు, పసిబిడ్డ, బియ్యం. వాకిట్లో అత్తగారి మంచం కిర్రుమంది. ఆమె చీరల సందులో నుంచి తల పెట్టారు.

"ఊహూఁ... ఊహూఁ."

"వచ్చినాడు!" అన్నారు ఆమె.

మా ఆయన నోరు తెరుచుకునే ఉంది. భరత్‌కుమార్ ఒక చప్పట కొట్టి, "రూము కూడా ముందు మాదిరే ఉంది సార్. నడుమ ఏమయింది?" అన్నాడు.

 మా ఆయన వెళ్లి ఒక పరుపును గోడ నుంచి తీసి బయట వరండాలో వేశారు. పాట మళ్లీ మొదటి నుంచి పెట్టించారు. ఇంకో పరుపు తీశారు. దండెం మీది దుప్పట్లు లాగారు. కంబళ్లు చుట్టారు. ఒక్కొక్కటీ బయటికి పోతుంటే దగ్గు ఒక్కొక్క అడుగు దూరం పోయింది. చివరి కంబళి పోయేసరికి మా మామగారు కూడా పోయారు. బీరువాలో గ్లాసులు గలగలమన్నాయి.

మా ఆయన ఆ గ్లాసుల చప్పుడు విన్నారు. బీరువా తెరిచి, ఒక చిన్న బిందె తీశారు. వేలి కణుపుతో కొట్టారు. టంగుమంది, సాగి సాగి పోయింది. దండెం మీద మిగిలిన నా చీర ఒకటి లాగి, ఆ బిందెలో కుక్కారు. మళ్లీ కొట్టారు. టక్. అంతే.

ఇంకోసారి కొట్టారు. టక్.

ఆ బిందెను అలాగే ఒడిలో పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు. నా చీర కొంగు బయటికి వేలాడుతోంది. భరత్‌కుమార్ ఏం చేయాలో తెలీక వైర్లు చుడుతున్నాడు.

"వైర్లు చుట్టొద్దప్పా. ఉండనీ" అన్నారు మా ఆయన మెల్లగా. తర్వాత వాళ్లమ్మతో, "అమ్మా, మళ్లీ కాయలు ఎప్పుడొస్తాయి?" అన్నారు.

"కార్తీకం దాటల్ల. ఏం?"

"ఈడనే పెడదాం."

"మళ్లీ వానొస్తే?"

"అప్పటికి పరదాలు వేపిస్తా. సరళ చెప్పిందిలే, ముందే."

నేను చెంబుతో మంచినీళ్లు తెచ్చి భరత్‌కుమార్‌కు ఇచ్చాను. ఆ అబ్బాయి తాగుతూ మా ఆయన్నీ నన్నూ చూశాడు. అత్తగారు వరండాలో నుంచి ఒక కంబళి ఈడ్చుకొచ్చి మళ్లీ బండ మీద పరిచారు. నేనొక పరుపు పట్టుకున్నాను, రెండో కొన ఆ అబ్బాయి పట్టాడు. ఒక్కొక్కటీ లోపలికొచ్చి గోడలకు ఆనుకుంది. హాలు మెల్లగా అణిగింది.

మా ఆయన గొంతులో ఏదో గొణిగారు.

"ఏమంటాండారు?" అన్నాను.

"ఏం లేదు."

"ఏదో అన్నారు. పెదాలు కదిలినాయి."

"చెప్పినా కదా!"

"వినపడలేదండీ. నా చెవులు మీ చెవుల మాదిరి స్టీలులో నానలేదు గదా. కొంచెం గట్టిగా చెప్పండి, హాలు ఎట్లుందో గూడా తెలుస్తాది."

అత్తగారు కంబళి మీద చతికిలపడి, పాట వినడానికి వంగినట్టే ముందుకు వంగారు. మా ఆయన బిందె పక్కన పెట్టి, కిటికీ వైపు తిరిగి ఒకసారి దగ్గారు, "ఊహూఁ" అని. తర్వాత ఇటు తిరిగి, అంగడిలో ఇంకో మూలకు వినిపించేలా కేకేసే గొంతుతో అన్నారు.

"తప్పు నాదేనే సరళా! స్పీకర్లది కాదు, ఆ పిల్లోనిది కాదు. బిందె మాదిరి కొట్టి సూసి మంచి హాలనుకున్నా. నాదే తప్పు!"